యాడికి అని అడిగితే

ధర్మవరం,
14 జూలై 2025.

గంగక్కకు,

నీ తమ్ముడు ఓబుళేసు రాస్తున్నాను. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, ఇద్దరమూ బాగున్నాం. నీ చెవులు ఎలా ఉన్నాయి? ఫోన్లో నీతో మాట్లాడాలంటే నేను అరిచే అరుపులకు పక్కింటివాళ్ళు మనకేదో పొలం తగాదా ఉందనుకుంటున్నారు. ఉత్తరాలే నయమని నువ్వన్న మాట నిజమే. పైగా ఇప్పుడు వీటితో ఇంకో లాభం కూడా ఉంది. నేను రాసి, అంటించి, చేతికిస్తే మన త్రివేణి తీసుకుపోయి పెట్టెలో వేసి వస్తోంది. ఎర్ర పెట్టెలో వేయమని చెప్పి నేను మగ్గం మీద కూర్చుంటాను. పని అయిపోయిందని వచ్చి చేతులు దులిపి చూపిస్తుంది.

ఇక్కడ వాన ఊసే లేదు. మీ శెనక్కాయ విత్తనం భూమిలో పడిందా, ఇంకా మూటల్లోనే ఉందా? బావ వీరప్ప ఆకాశాన్ని తిడుతూనే ఉన్నాడని నాకు తెలుసు.

పోయిన ఉత్తరంలో సారా సంగతి రాశాను కదా. నువ్వు ఆ మాటే ఎత్తలేదు, కోపం వచ్చిందేమో అనుకున్నాను. కోపం వద్దక్కా. అమ్మ పోయిన తర్వాత ఈ ఇంట్లో నాకు ఊపిరాడింది సారా వచ్చాకే. మొదట నేనూ జంకాను, ఈ వయసులో మనకిదంతా ఎందుకులే అనుకున్నాను. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి నా చూపు వాకిలి మీదే ఉంటుంది. త్రివేణికైతే మరీ అలవాటైపోయింది. సారా లేని పూట అన్నం కూడా సరిగ్గా తినదు. మన దగ్గర ఏమీ తీసుకోకుండా సెంటర్ వాళ్ళే ఇంటికి పంపిస్తున్నారు.

మిగతా సంగతులు నువ్వు రాస్తే నేను రాస్తాను.

నీ తమ్ముడు,
ఓబుళేసు.


తనకల్లు,
25 జూలై 2025.

ఒరే ఓబుళేసూ,

ఆశీస్సులు తర్వాత, ముందు తిట్లు. నీ ఉత్తరం చదివాను. మన నాయన ఆ సారా తాగే లివరు చెడి పోయిన సంగతి మరిచిపోయావా? అమ్మ పడిన కష్టం మరిచిపోయావా? నువ్వు తాగితే తాగావు, ఆ పిల్లకు కూడా అలవాటు చేస్తావా? సారా లేకపోతే అన్నం తినదని సిగ్గు లేకుండా రాస్తావా? ఇంటికి తెచ్చి ఊరికే పోసే ఆ సెంటర్ ఎక్కడుందో చెప్పు, వచ్చి తగలబెడతాను.

త్రివేణి పుట్టినప్పుడు డాక్టరు డౌన్ సిండ్రోమ్ అని చెప్తే, ఆ పేరు నోరు తిరగక అమ్మ ఏమందో నాకు గుర్తుంది. “పేరేమన్నా పెట్టుకోనీ. పిల్ల మన్ది. మనమే పెంచల్ల” అంది. ఆ తర్వాత నీ భార్య సరళ పోయింది. చంకలో నుంచి దించకుండా అమ్మే పెంచింది. లక్ష్మీనరసమ్మ మనవరాలంటే వీధి వీధంతా పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. అమ్మ పోయి రెండేళ్ళయిందో లేదో, నువ్విలా తయారయ్యావు.

మీ బావ చెప్పులు వేసుకుని “నేను పోయి వాని సంగతి చూసొస్తా” అన్నాడు. నేనే ఆపాను. తిట్టాలంటే నేనే రావాలి, ఆయనకు సరిగ్గా తిట్టడం రాదు. విత్తనం వేసే పని అయిపోగానే వస్తున్నాను. అంతవరకు ఆ సీసాలన్నీ బయట పారేయి.

అక్క,
గంగాదేవి.


ధర్మవరం,
4 ఆగస్టు 2025.

గంగక్కకు,

నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ మగ్గం గుంటలోంచి పైకి లేవలేకపోయాను. సారా అంటే తాగేది కాదు తల్లీ, మనిషి! సారా మేడమ్. కోస్తా వైపు అమ్మాయి, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు వాళ్ళ పనులు వాళ్ళు చేసుకోవడం నేర్పే సెంటర్ ఒకటి ఇక్కడ పెట్టారు. అందులో టీచరు. కొన్ని సాయంత్రాలు ఇళ్ళకు వచ్చి నేర్పుతుంది.

ఇదంతా అంతకుముందు ఉత్తరంలో వివరంగా రాశాను. అది నీకు చేరలేదని ఇప్పుడు తెలిసింది. ఎర్ర పెట్టెలో వేయమని త్రివేణికి చెప్పాను గాని, వీధి చివరి ఆఫీసు ముందున్న ఫిర్యాదుల పెట్టె కూడా ఎర్రగానే ఉంటుందని నాకు తట్టలేదు. ఆ ఉత్తరం ఒక్కటి దాంట్లో పడింది. నిన్న ఆ ఆఫీసు బంట్రోతు కవరు పట్టుకుని వచ్చాడు. “ఏమప్పా, నీ ఫిర్యాదు మా సారుకు అర్థం కాలేదంట. ఈ గంగక్క మీద కంప్లెయింటా, గంగక్క తరపునా?” అని అడిగాడు. తప్పు త్రివేణిది కాదు. పోస్టు పెట్టె ఏదో నేను దగ్గరుండి చూపించలేదు.

నీ తిట్లు సారాకు చదివి వినిపించాను. కడుపు పట్టుకుని నవ్వింది. ఈ జిల్లాలో తన పేరు చెప్పగానే మగవాళ్ళంతా ఒక్క క్షణం ఆగి చూస్తారట.

అక్కా, ఆమె మన పిల్లను ‘త్రివేణిగారూ’ అని పిలుస్తుంది. పుట్టినప్పటి నుంచి పాప అన్నవాళ్ళున్నారు, పిచ్చితల్లి అన్నవాళ్ళున్నారు, గారు అన్నవాళ్ళు ఎవరూ లేరు. మొదటిరోజు ఆ పిలుపు విని త్రివేణి వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని. ఎవరూ లేరు. అప్పుడు చున్నీ సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఇరవైనాలుగేళ్ళ నా కూతురిని నేను ఆ రోజే మొదటిసారి చూసినట్టు అనిపించింది.

ఇప్పుడు టీ పని నేర్పుతోంది. కాచిన టీ గ్లాసుల్లో పోసి అందించడం. సెంటర్‌కు ఎవరొచ్చినా, మన ఇంటికి ఎవరొచ్చినా, త్రివేణే ఇస్తుంది. సీసాలు లేవు కాబట్టి పారేయలేదు. నువ్వు మాత్రం రా.

నీ తమ్ముడు,
ఓబుళేసు.


తనకల్లు,
16 ఆగస్టు 2025.

తమ్ముడు ఓబుళేసుకు,

మనిషని ముందే ఒక ముక్క రాసుంటే నేను ఊరంతా చెప్పుకుని ఏడ్చేదాన్ని కాదు. ఇప్పుడు అందరూ నన్ను ఆపి ‘తమ్ముడు మానేశాడా’ అని అడుగుతున్నారు. ఏమని చెప్పను? మానేశాడనే చెప్తున్నాను, అదే సులువు. ఆ అమ్మాయికి నా తరపున క్షమించమని చెప్పు. శెనక్కాయ పొడి పంపిస్తున్నాను, సంగటిలో కాకపోయినా ఇడ్లీలో అయినా తింటుంది.

అయితే నీ ఉత్తరంలో ఇంకో మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎవరొచ్చినా టీ అందించేది త్రివేణేనా? అది చదువా, చాకిరీనా? వాళ్ళే కాచి, పిల్ల చేత మోయిస్తున్నారు. రేపు ఏదో ఆఫీసులో గ్లాసులు అందించే పనికి పంపుతారు. గారు అని పిలిచి గ్లాసులు మోయిస్తే సంబరపడిపోయావు నువ్వు. నిజంగా నేర్పాలనుకుంటే కాయడం నేర్పాలి, స్టవ్ దగ్గర నిలబెట్టాలి. అది చేతకాక చివరి పని అప్పగించారు.

విత్తనం వేశాం. మొలిచింది గాని మళ్ళీ వాన లేదు. ఆ మొక్కలను చూస్తుంటే మీ బావకు అన్నం సయించడం లేదు.

అక్క,
గంగాదేవి.


ధర్మవరం,
10 సెప్టెంబర్ 2025.

గంగక్కకు,

నువ్వడిగిందే నేనూ మొదట అడిగాను. సారా ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే రాస్తున్నాను. “మొదటి నుంచి మొదలుపెడితే స్టవ్ దగ్గరే భయపడి లేచిపోతారండీ. చివరి నుంచి మొదలుపెడితే రోజూ పని పూర్తిచేసినవాళ్ళే అవుతారు. గ్లాసు అందించగానే ఎదుటివాళ్ళు తాగి బాగుందంటారు. ఆ సంతోషం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ వెనక్కి వెళ్తాం.”

నాయన నాకు మగ్గం నేర్పింది గుర్తుందా? ఏళ్ళ తరబడి కండెలు చుట్టించాడు. చీర నేసేది ఆయన, దారం చుట్టేది నేను. నా చేత్తో ఒక చీర పూర్తయ్యేసరికి నాకు మీసాలొచ్చాయి. ఇలా చివరి నుంచి నేర్పొచ్చని మనకెవరూ చెప్పలేదు.

గ్లాసుల్లో పోయడం తర్వాత వడపోయడం నేర్చింది. ఆ తర్వాత చక్కెర, ఆ తర్వాత ఆకు, పాలు. అన్నిటికన్నా చివర స్టవ్ వెలిగించడం. పోయిన శుక్రవారం నేను మగ్గం మీద ఉండగా వంటింట్లో లైటరు చప్పుడైంది. లేవబోయాను. సారా అడ్డం నిలబడింది. ఇక నేను చూడలేదు, విన్నాను. గిన్నె పెట్టింది. డబ్బా మూత తీసింది. పాలు పొంగే ముందు మంట తగ్గించింది. వడపోస్తూ తనలో తాను ఏదో చెప్పుకుంది. తర్వాత నా ముందుకు గ్లాసు వచ్చింది.

వెంటనే తాగలేకపోయాను అక్కా. ఒక్క టీలో ఇన్ని పనులుంటాయని ఈ వయసు వచ్చేదాకా నాకు తెలియదు. మనం ఆలోచించకుండా చేసేసేవన్నీ ఈ పిల్ల ఒక్కొక్కటిగా గెలుచుకుంటోంది. గుడ్డతో గిన్నె పట్టుకోవడం కూడా ఒక గెలుపే. నాకు భయమూ భక్తీ రెండూ కలిగాయి, ఎవరి మీదో చెప్పలేను.

ఇప్పుడు అసలు సంగతి. ‘తర్వాత ఏం నేర్చుకుంటారు?’ అని సారా అడిగితే, త్రివేణి నా వైపు చూడకుండా, “గంగత్త ఇంటికి పోవల్ల. నేనొక్కతే” అంది. నేను కుదరదన్నాను. సారా నన్ను చూసింది. సరే, నేర్పండి అన్నాను.

అది కూడా చివరి నుంచే. వచ్చే ఆదివారం బస్సులో తనకల్లు దాకా ఇద్దరం వస్తాం. రోడ్డు దగ్గర నుంచి మీ ఇంటికి త్రివేణి ఒక్కతే నడిచి వస్తుంది. కంగారు పడకు. ఎదురు రాకు. వాకిట్లోనే ఉండు.

నీ తమ్ముడు,
ఓబుళేసు.


తనకల్లు,
17 సెప్టెంబర్ 2025.

ఒరే ఓబుళేసూ,

మీరు ఆదివారం వచ్చి పోయారు. కంగారు పడకు అని నువ్వు రాసిన ఉత్తరం నిన్న మంగళవారం వచ్చింది. ఆ కవరు ఏ ఊళ్ళు తిరిగి వచ్చిందో ఏమో.

ఆ రోజు నీ ముందు తిట్టాల్సినదాంట్లో సగమే తిట్టాను, మిగతాది ఇప్పుడు. నేను వాకిట్లో శెనక్కాయలు వలుస్తూ తలెత్తితే సందు మొదట్లో త్రివేణి. ఒక్కతే. పక్కన నువ్వు లేవు. నేనేమనుకోవాలి? నిన్ను ఏ లారీనో కొట్టిందనీ, పిల్ల దిక్కు లేక నడిచి వచ్చేసిందనీ అనుకున్నాను. చేట అక్కడే పడేసి శోకాలు మొదలుపెట్టాను. వీధంతా చేరారు. ఆ పిల్ల నెమ్మదిగా వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టి, “అత్తా, అరచొద్దు. నేనొచ్చినా” అంది. చెప్పులు విప్పి జతగా పెట్టింది. కాళ్ళు కడుక్కుంది. లోపలికి పోయి కూర్చుంది. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నువ్వేమో రోడ్డు మీద అంగడిలో దాక్కుని టీ తాగుతున్నావు!

ఒక మాట ఒప్పుకుంటాను. ఆ పిల్ల సందులో నడిచి వస్తున్నప్పుడు, నా శోకాలకు ముందు ఒక్క క్షణం, నేను ఆ నడక చూశాను. తల పైకెత్తుకుని, ఏ గడప దగ్గరా ఆగకుండా, తన పని మీద తను పోయే మనిషి నడక. ఆ మాట అక్కడితో సరి.

సందు నడిచింది, చాలు. కదిరి బస్టాండులో దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఎలా తోసుకుంటారో నీకు తెలుసు. ఆ పిల్ల నోట్లో నుంచి మాట రావడానికి కాస్త సమయం కావాలి. ఆ సమయం ఎవడిస్తాడు? ఒక్కదాన్నే బస్సులో పంపావంటే నేను తలుపు తీయను. నేను అన్నానంటే అన్నట్టే, అది నీకు తెలుసు.

అక్క,
గంగాదేవి.


ధర్మవరం,
18 నవంబర్ 2025.

గంగక్కకు,

నువ్వు తలుపు తీయాల్సిన పని లేదు. నువ్వే గెలిచావు.

నీకు చెప్పకుండా ఈ రెండు నెలలూ నేర్పాం. నీ ఇంటికి వచ్చినప్పుడల్లా నేను బస్సులో వెనక సీట్లో కూర్చునేవాడిని. తనకల్లు రాగానే త్రివేణే లేచి, తనే దిగేది. కదిరిలో అంత జనం ఎక్కినా సంచి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చునేది. ఇక మిగిలింది కండక్టరుకు ఊరు చెప్పి టికెట్టు తీసుకోవడం. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితమే గాని, ఊరడిగి సున్నా టికెట్టు ఇస్తారు కదా. అంతవరకు అది నేను చెప్పేవాడిని.

దానికోసం ఇంట్లో కుర్చీలు వరుసగా వేశాం. సారా భుజానికి సంచి తగిలించుకుని కండక్టరైంది. “ఎక్కడ దిగాలండీ?” అని అడిగితే త్రివేణి “తనకల్లు. ఒకటి” అని గట్టిగా చెప్పేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

తర్వాత ధర్మవరం బస్టాండుకు పోయాం. త్రివేణి ఒక్కతే ఎక్కి కూర్చుంది, నేను కింద తలుపు దగ్గర నిలబడ్డాను. కండక్టరు తిమ్మన్న మంచివాడు, ముందే చెప్పి పెట్టాను. దగ్గరికి వచ్చి నవ్వుతూ “యాడికి పాపా?” అన్నాడు. ఆమె లేచింది. బస్సు దిగింది. నా ముందు నుంచే నడుచుకుంటూ ఇంటికి పోయింది. నేను వెనకాల పరిగెత్తాను. అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగి, సంచి భుజాన వేసుకుని “ఇంగ పోదాం పా నాయనా” అంది. బస్సు ఎప్పుడో పోయింది తల్లీ అంటే నన్ను వింతగా చూసింది.

తర్వాతి వారం అంతే. ఆ పై వారమూ అంతే. బస్సు చప్పుడుకు బెదురుతోందేమోనని సారా ముందు సీట్లో కూర్చోబెట్టింది. తిమ్మన్నను మెల్లగా మాట్లాడమంది. పాపం అతను వంగి, దేవుడి దగ్గర అడిగినట్టు “యాడికి తల్లీ?” అన్నాడు. దిగిపోయింది. భయానికి నోరెండి నీళ్ళు తాగుతోందక్కా. నా ఆశ కోసం దాన్ని అంత భయపెట్టడం నా వల్ల కాదు. సారాకు చెప్పేశాను, ఇక బస్సు వద్దని. సంచి తీసి అటక మీద పెట్టేశాను. అప్పటి నుంచి త్రివేణి నాతో మాట్లాడటం లేదు. టీ మాత్రం ఇస్తోంది, ముఖం పక్కకు తిప్పుకుని.

నీ తమ్ముడు,
ఓబుళేసు.


తనకల్లు,
28 నవంబర్ 2025.

తమ్ముడు ఓబుళేసుకు,

ముందు అటక మీద నుంచి సంచి దించు. దించిన తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేనూ నీలాగే అనుకున్నాను. నేను చెప్పిందే అయిందని కాస్త గర్వపడ్డాను కూడా. నిన్న మీ బావ కదిరికి బయలుదేరాడు. నేను అలవాటుగా “యాడికి?” అని అరిచాను. నా చెవులకు తగ్గట్టే నా గొంతు, వీధి చివరికి వినబడి ఉంటుంది. ఆయన “బయలుదేరే మనిషిని యాడికి అని అడుగుతారా? నీ నోరు పడ!” అని గొణుక్కుంటూ వెనక్కి వచ్చి, అరుగు మీద కూర్చుని, నీళ్ళు తెమ్మన్నాడు. చెంబు తీసుకురావడానికి పోయినదాన్ని వంటింట్లోనే నిలబడిపోయాను.

గుర్తొచ్చిందా? అమ్మ ఉన్నన్నాళ్ళూ మన ఇంట్లో ఇదే కదా. గడప దాటినవాళ్ళను ఎవరైనా యాడికి అని అడిగితే చాలు, ఎంత దూరం పోయినా వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, ఒక గుక్క నీళ్ళు తాగించి, మళ్ళీ పంపేది. ఆ నీళ్ళ చెంబు తెచ్చేది ఎవరు? త్రివేణి. ఊహ తెలిసినప్పటి నుంచి దాని పని అదే. అమ్మ పోయాక మనమంతా మానేశాం. ఆ పిల్ల మానలేదు.

సారా ఎక్కడ దిగాలండీ అనింది, అందుకే ఇంట్లో ఇబ్బంది రాలేదు. తిమ్మన్న మనవాడు కనుక యాడికి అన్నాడు. అడిగితే ఏం చేయాలి? వెనక్కి రావాలి, కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, మళ్ళీ బయలుదేరాలి. అదే చేసింది. ఇంగ పోదాం పా అని నిన్ను పిలిచింది కూడా. భయమట! మీరిద్దరూ, తిమ్మన్నా, బస్సులో ఉన్నవాళ్ళూ అందరూ మరిచిపోయిన మర్యాదను ఆ పిల్ల ఒక్కతే నిలబెట్టుకుంటూ వస్తుంటే, చేతకావడం లేదని అటక ఎక్కించావు. నేనూ ఎక్కించాను, నిన్నొక్కడినే అనడం లేదు. చెంబు చేత్తో పట్టుకుని అమ్మను తలుచుకుని ఏడ్చాను. మీ బావ నీళ్ళు అందక కేకలు వేశాడు.

దిగాల్సిన పని లేదని దానికి చెప్పు. సీసాలో నీళ్ళు పోసి ఇవ్వు. బస్సు సీటు మీదే కూర్చుని ఉంటుంది కదా, అక్కడే ఒక గుక్క తాగితే సరిపోతుందని, అవ్వ ఒప్పుకుంటుందని, అత్త చెప్పిందని చెప్పు. నా మాట వింటుంది.

తలుపు సంగతి ఇంకా తేల్చుకోలేదు.

అక్క,
గంగాదేవి.


ధర్మవరం,
12 జనవరి 2026.

గంగక్కకు,

నీ ఉత్తరం త్రివేణికే చదివి వినిపించాను. అవ్వ ఒప్పుకుంటుందనే మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. తనే పోయి సీసా కడుక్కుని వచ్చింది. ఆ తర్వాత నాతో మాట్లాడింది.

ఆదివారం మళ్ళీ బస్సెక్కించాం. నేను వెనక సీట్లో ఉన్నాను. తిమ్మన్న వచ్చి “యాడికి పాపా?” అన్నాడు. త్రివేణి చెయ్యెత్తి “ఉండన్నా” అంది. సీసా మూత తీసింది. ఒక గుక్క తాగింది. మూత బిగించింది. అప్పుడు అతని ముఖంలోకి చూసి “తనకల్లు. ఒకటి” అంది. పక్క సీటు ముసలామె “నన్నుగూడ అడిగినాడు తల్లీ, నాగ్గూడ ఒగ గుక్క ఇయ్యి” అని చెయ్యి చాపింది. ఆమెకూ ఇచ్చింది. తిమ్మన్న టికెట్లు కొట్టడం ఆపి, ఇద్దరూ తాగేదాకా నిలబడ్డాడు. ఆ సమయం ఎవడిస్తాడని అడిగావు కదా. అతనిచ్చాడు.

సారాకు చెప్పాను. ఈ మెట్టు తను చదివిన ఏ చదువులోనూ లేదంది. నీకు దండం పెట్టమంది.

ఇక మిగిలింది ఒక్కటే, నేను లేకుండా పోవడం. ఈ నెల 25న, ఆదివారం. ఆ రోజు నేను బస్టాండుకు కూడా పోను, మగ్గం మీద నుంచి లేవను. సారాకు మాటిచ్చాను. తలుపు సంగతి నీ ఇష్టం. కానీ అక్కా, అది వచ్చి తలుపు ముందు నిలబడితే?

నీ తమ్ముడు,
ఓబుళేసు.


తనకల్లు,
27 జనవరి 2026.

తమ్ముడు ఓబుళేసుకు,

చేరిందని మీ బావ ఫోన్లో చెప్పాడు కదా. ఎలా చేరిందో నేను చెప్తాను.

తలుపు తీయలేదు. పొద్దున్నుంచి మూస్తే కదా తీయడానికి. రోడ్డు దాకా పోదామని రెండు మూడు సార్లు లేచాను. “గమ్మున కూచోమ్మే, నువ్వు పోతే అది యాడ గెలుస్తాది?” అని మీ బావ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ మనిషి నోటి నుంచి అంత మంచి మాట పెళ్ళయిన తర్వాత అదే మొదలు. బస్సు శబ్దం నాకు వినబడదు. అందుకని ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆయన తలెత్తాడు. వచ్చిందని తెలిసింది.

సందులోంచి వచ్చింది. పసుపుపచ్చ చుడీదారు, భుజాన సంచి, చేతిలో సగమైన సీసా. నేను లేవలేదు, అరవలేదు. గడప ముందు ఆగి, తలుపు బార్లా తెరిచి ఉంటే కూడా చెక్క మీద వేళ్ళతో కొట్టి, “వచ్చినా అత్తా” అంది. ఎన్ని పండుగలకు ఈ పిల్లను చంకలో వేసుకుని ఈ ఇంటికి తెచ్చాం, ఎన్నిసార్లు చెయ్యి పట్టుకుని నడిపించాం. తనంతట తాను నా ఇంటికి రావడం అదే మొదటిసారి. చుట్టానికి పెట్టినట్టు పీట వేసి, సంగటి పెట్టాను. చుట్టంలాగే కూర్చుని తింది.

సాయంత్రం గొర్రెపిల్లల దగ్గర కూర్చుని, బస్సులో భయమేసిందా అని అడిగాను. లేదంది, కిటికీ దగ్గర కూర్చున్నానంది. కిటికీలోంచి ఏం చూశావంటే, “నాయనను” అంది.

నాకు సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ అడిగాను. నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. “నాయన టీవీఎస్ బండి మీద ఎనకాలే వస్తాండాడు. తలకు తువ్వాలు చుట్టుకోనుండాడు. నాకు తెల్లేదనుకున్యాడు.”

“మరి పిలవలేదేమే?” అన్నాను.

“పిలిస్తే ఎట్ల అత్తా? నేర్చుకుంటాండాడు గదా. నేను చూడనట్ల కూచున్యా. కదిరి కాడ ఆగిపోయినాడు. ఆడినుంచి రాలేదు. బాగ చేసినాడు.”

గొర్రెపిల్లను ఒళ్ళోకి తీసుకుని కాసేపు నిమిరింది. తర్వాత నీకు ఉత్తరం రాయమంది.

“వచ్చేతూరి కదిరి దాకా వద్దు, ఇంగా ముందే, ముదిగుబ్బ కాడనే ఆగమని రాయి. నేర్చుకుంటాడు నాయన.”

రాశాను.

అక్క,
గంగాదేవి.